ప్రతిమాపంక్తియు నేకశేషమును

రాజవీథులలో నిలుపఁబడిన విగ్రహములఁ గూర్చి సాహిత్యపరిశోధకులు విచారింపనేల యని కొందఱు పాఠకులకుఁ దోఁపవచ్చును. శిల్పమును బరీక్షించుటకు శిల్పులు కలరు. కాలమును నిర్ణయించుటకుఁ జరిత్రకారులు కలరు. స్థలమును నిర్ణయించుటకుఁ బురపాలకసంఘములు కలవు. శబ్దార్థవిచారముతోఁ గాలము గడపు మనకుఁ గంచుబొమ్మలతోఁ బనియేమి? ఈ యాక్షేపమునకుఁ బాణినియే సమాధాన మొసఁగియున్నాఁడు. అష్టాధ్యాయిలో నైదవ యధ్యాయము మూఁడవ పాదమున 96వ సూత్రము మొదలుకొని 100వ సూత్రము వఱకుఁ బ్రతికృతులకును దత్సంబంధములగు మాటలకును రూపమెట్లు కలుగునో విధింపఁబడినది. ప్రతిమకును శబ్దమునకును గల సంబంధము వ్యాకరణశాస్త్రములోని విషయమే కాని పరాయిసొమ్ము కాదు.

ఆ సూత్రముల సారమిది. గుఱ్ఱమును బోలిన బొమ్మను జెప్పవలసినప్పుడు అశ్వశబ్దముపై 'కన్' ప్రత్యయము వచ్చి 'అశ్వకము' అగును. చివరనున్న యా చిన్న కకారము, ఇది గుఱ్ఱము కాదు, దానిఁ బోలినది యని హెచ్చరించుచున్నది. 99వ సూత్రము దీనికి మినహాయింపు. ఒకని జీవికకు సాధనమై, విక్రయమునకుఁ గాక యుండు ప్రతిమవిషయమున నా ప్రత్యయము లోపించును. అందుచేతనే శివుని యర్చామూర్తిని 'శివకుఁడు' అనక 'శివుఁడు' అనియే వ్యవహరింతుము. ఇచ్చటఁ బతంజలి, మౌర్యులు సువర్ణాపేక్షతోఁ జేయించిన ప్రతిమల ప్రసక్తిఁ దెచ్చి, వాని విషయమున నీ లోపము కలుగదనియు, పూజలో నున్నవానికే కలుగుననియుఁ దేల్చెను. సంతలో నమ్ముడువోవు బొమ్మ కకారమును మోయుచునే యుండును. జనులు తమదిగాఁ గైకొన్న ప్రతిమ యా కకారమును విడిచి పేరును మాత్రమే ధరించును. పట్టణమధ్యమున నిలిపిన విగ్రహములను బరీక్షించుటకు నింతకంటె సూక్ష్మమైన గీటుఱాయిని నే నెఱుఁగను.

తెలుగునేలపైఁ బ్రతిమాపంక్తి యనఁగా మొదట స్మరణకు వచ్చునది హైదరాబాదులోని హుసేన్‌సాగరపుఁ గట్ట. 16వ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున నిర్మింపఁబడిన యా చెఱువుకట్ట హైదరాబాదు సికింద్రాబాదులను గలుపుచున్నది. జనులు దానిని ట్యాంకుబండు అందురు. 1986లో నందమూరి తారకరామారావు ముఖ్యమంత్రిగా నుండఁగా నా కట్టపై 30కిఁ బైగా విగ్రహములు వరుసగా నిలుపఁబడినవి. అంతకుఁ బూర్వమే మదరాసు సముద్రతీరమున, 1968లో జరిగిన రెండవ ప్రపంచ తమిళ మహాసభల సందర్భమున, తిరువళ్లువరు, అవ్వయారు, కంబరు మొదలగువారి విగ్రహములు నెలకొల్పఁబడెను. తమిళమునకుఁ బాటుపడిన పోపు, కాల్డ్వెల్లు వంటి విదేశీయులకును నందుఁ దావు లభించెను. ఆ వరుసకుఁ బ్రధానసూత్రము భాష. ట్యాంకుబండు వరుస యంతకంటె విశాలముగా నడచినది. కవులలో నన్నయ, తిక్కన, ఎఱ్ఱన, పోతన, మొల్ల కలరు. రాజ్యమేలినవారిలో రుద్రమదేవియుఁ గృష్ణదేవరాయలును గలరు. పదకర్తలలో అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య కలరు. ఆధునికులలో వీరేశలింగము, గురజాడ, జాషువా, శ్రీశ్రీ కలరు. ఉర్దూకవి యగు మఖ్దూం మొహియుద్దీనును, గోదావరిపై నానకట్ట కట్టించిన ఆర్థరు కాటను దొరయు నిందే కలరు.

ఇఁక దీని గుణదోషములు. పదములు వాక్యమగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును గావలెనని శాస్త్రజ్ఞుల మతము. వరుసగా నిలిచిన విగ్రహములను నడచుచుఁ జూచువాఁడు వానిని బదములుగానే చదువును. ఈ వరుసలో యోగ్యతకు లోపము లేదు, ఒక్కొక్కరును బూజార్హులే. సన్నిధికిని లోపము లేదు. అందఱు నొకే కట్టపై నున్నారు. ఆకాంక్ష విషయముననే సందేహము. రుద్రమదేవిని జూచినవాని మనస్సు తరువాత నెవరిని గోరును? క్షేత్రయ్యను జూచినపిమ్మటఁ గాటను దొర కొఱకు నిరీక్షించుటకుఁ గారణమేమి? నామపదములు ముప్పదికిఁ బైగాఁ గలవు, క్రియాపదము కానరాదు. కావున నిది నిఘంటువే కాని వాక్యము కాదని యొకఁడు తోసిపుచ్చవచ్చును.

ఆ నిర్ణయము తొందరపాటు. క్రియాపదము లేకున్నను వాక్యము పూర్తియగుట తెనుఁగునకు సహజము. 'ఇతఁడు కవి' యన్నచోఁ గొఱఁత యేమియుఁ దోఁపదు. అట్లే యీ వరుస యంతయుఁ గలిసి 'వీరు మనవారు' అను నొక్క వాక్యమును జెప్పుచున్నది. తెనుఁగున వ్రాయని మఖ్దూమును, తెనుఁగుదేశమునఁ బుట్టని కాటను దొరయు నిందుఁ జేరుట యా విధేయపదమువలననే పొసఁగును. ఇంతవఱకు శిల్పపంక్తిని గల్పించినవారి వివేకమును మెచ్చుకొనవలసినదే.

చిక్కంతయు నా 'మన' శబ్దమున నున్నది. సంస్కృతమున 'అస్మద్' శబ్దమొక్కటియే యుండఁగాఁ దెనుఁగు 'మేము', 'మనము' అని రెండు విధములుగా విభజించినది. వినువానిని గలుపుకొన్నచో 'మనము'; వానిని వెలిఁబెట్టినచో 'మేము'. ఇంత సూక్ష్మమైన భేదము మన పసిబిడ్డలకుఁ గూడఁ దప్పుపోదు. 1986లో నా కట్టపైఁ 'మనవారు' అని పలుకఁబడిన వాక్యము కొందఱి చెవులకు 'మావారు' అని వినఁబడెను. 2011 మార్చి 10వ తేదీన, ప్రత్యేక తెలంగాణ రాష్ట్రమును గోరి జరిగిన మిలియన్ మార్చి సందర్భమునఁ, బలు విగ్రహములు పడఁగొట్టఁబడెను. శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్యల విగ్రహములు వానిలోనివి. తరువాతఁ బ్రభుత్వమువారు వానిని మఱల నిలిపిరి. ప్రత్యేక రాష్ట్రము 2014 జూను 2న నేర్పడెను.

ఆనాఁటి కార్యమును నేను సమర్థింపను. కవులు రాష్ట్రసరిహద్దులకు లోఁబడువారు కారు. అన్నమయ్య పదమును బాడుకొననిల్లు గోదావరికి నీవలనైనను నావలనైనను నరుదు. రుద్రమయుఁ బోతనయు మఖ్దూమును నా వరుసలో నుండిరి గదా, తెలంగాణమునకు లోపమేమి యని యడుగువారును గలరు. కాని లెక్క సరిపోయినంతమాత్రమున 'మన' శబ్దము సిద్ధింపదు. వినువానిని గలుపుకొంటినని వక్త యనుకొన్నఁ జాలదు. కలుపఁబడితినని శ్రోతకుఁ దోఁపవలెను. అదిగాక వైయాకరణుఁడు గమనింపవలసిన సంగతి యింకొకటి కలదు. పడఁగొట్టినవారుగాని, దానికి దుఃఖించినవారుగాని లోహపుబొమ్మను గూర్చి మాటలాడలేదు. ఇరువుర నోటను వచ్చినది 'శ్రీశ్రీ' యను పేరే. 'జాషువా' యను పేరే. ఇరువాగులవారును దెలియకయే 99వ సూత్రమును నడపిరి. కకారము లోపించిన ప్రతిమకే యట్టి యపాయము కలుగును. కకారముగల బొమ్మ నెవఁడును గోపముతో విఱుగఁగొట్టఁడు.

ఈ పంక్తిలో నాకుఁ గనఁబడు నసలైన కొఱఁత వేఱొకటి. ఇందు నిలిచినవారందఱును సంజ్ఞాశబ్దములు. పేరులేనివాఁ డొక్కఁడును లేఁడు. ఆ చెఱువుననే యున్న బుద్ధవిగ్రహమును దలఁచుకొందము. గణపతి స్థపతి యాధ్వర్యవమున నేకశిలగాఁ జెక్కఁబడిన యా మహామూర్తిని 1990 మార్చి 10వ తేదీన నీటిపైఁ దరలించుచుండఁగా నది జాఱి చెఱువులో మునిఁగెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. 1992లో మూర్తిని వెలికిఁదీసి నిలిపిరి. బుద్ధునకుఁ బేరు కలదు. స్థపతికిఁ బేరు కలదు. నిలిపించిన ప్రభువులకుఁ బేరు కలదు. తరలింపులో మరణించినవారికిఁ గట్టపైని వరుసలోఁ దావు లేదు. ఱాతిని మోసినవానిని జెప్పుటకు మన ప్రతిమాభాషలోఁ బదము లేకపోయెనా?

ఈ ప్రశ్న నన్ను వదలకుండుటకుఁ గారణము నేను నివసించు తావు. రామగుండము గోదావరిఖని ప్రాంతమునఁ బేరులేని శ్రమమే ప్రధానధనము. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుఁడు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును గనుఁగొనెను. 1889లో నచ్చటఁ ద్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు వచ్చెను. 1960 తరువాత రామగుండమునఁ బుట్టిన గనులచుట్టును వేలకొలఁది కుటుంబములు వచ్చి చేరి యొక పట్టణమైనది. ఇట్టి పట్టణమునకును హైదరాబాదునందువలె విగ్రహములవరుస యుండవలెనని మాటలాడుకొనువారిని నేను వినియున్నాను. అందులకు సామాన్యముగా వారు చెప్పు రూపమేమన, నాయకులయు మహాపురుషులయు విగ్రహములు కొన్ని, వానినడుమ దీపపుటోపి ధరించి, చేతఁ బనిముట్టు పట్టిన గనికార్మికుని విగ్రహమొకటి. ఆ యొక్క విగ్రహము కార్మికులందఱికిని బ్రతినిధి యని వారి యభిప్రాయము.

శాస్త్రదృష్టితో నిది యేకశేషము. సమానరూపములగు పదములు పెక్కు గూడినప్పుడు వానిలో నొక్కటి శేషించి తక్కినవి తొలఁగునని మొదటి యధ్యాయము రెండవ పాదము 64వ సూత్రము చెప్పుచున్నది. వృక్షము, వృక్షము, వృక్షము అనక 'వృక్షములు' అందుము. శేషించినది తొలఁగినవాని యర్థమును గూడ మోయును. పదివేల కార్మికులలో నొక్కఁడు చౌరస్తాలో నిలిచి తక్కినవారి యర్థమును మోయుట యీ న్యాయముననే. ఊహ మంచిదే. కాని యేకశేషమున శేషించిన పదము తనంతఁ దాను బహుత్వమును బ్రకటింపదు. దానికి బహువచనప్రత్యయము చేరవలెను. 'వృక్షము' అని యూరకున్నచో నది యొక్క చెట్టే, అడవి కాదు. ఒంటరిగా నిలిచిన కార్మికుని విగ్రహము బహువచనము చేరని యేకశేషము. అది పలువురను జెప్పఁదలఁచి యొక్కనిఁ జెప్పుచున్నది. ఆ యొక్కఁడును ఫలానివాఁడు కాకపోవుటచే నెవ్వనిని జెప్పక పోవుచున్నది.

శిల్పమునకు బహువచనప్రత్యయ మెట్లు చేర్పవచ్చునని యడిగినచో మదరాసు తీరమే యుదాహరణము. అచ్చట నున్న 'శ్రామికవిజయము' అను విగ్రహమును దేవీప్రసాద రాయ్ చౌధురి నిర్మించెను. 1959లో నది నెలకొల్పఁబడెను. నలుగురు మనుష్యులు పెద్దబండను గదల్పఁజూచుచుందురు. వారికిని బేరులు లేవు. అయినను నచ్చట లోపము తోఁపదు. ఒకని భుజబలము చాలక మఱియొకఁడు, వాఁడును జాలక వేఱొకఁడు చేరుటలో బహుత్వము ప్రత్యక్షమగుచున్నది. ఆ బండయే క్రియాపదము. 1968 నాఁటి కవుల పంక్తికి లేని క్రియ యిందుఁ గలదు. ట్యాంకుబండు మదరాసునుండి కవుల వరుసను గ్రహించెను. ఈ బహువచనమును గ్రహింపలేదు.

ఇచట నొక పూర్వపక్షము. విగ్రహము జాతినిఁ జెప్పినఁ జాలును, వ్యక్తులతోఁ బనిలేదు. కార్మికత్వ మను నాకృతిని జూపుటయే శిల్పప్రయోజనమని కొంద ఱనవచ్చును. ఈ వివాదము క్రొత్తది కాదు. శబ్దమున కర్థ మాకృతియే యని వాజప్యాయనుఁడును, ద్రవ్యమే యని వ్యాడియు వాదించిరి. ఏకశేషసూత్రముపైనే యీ చర్చ నడచుట గమనింపఁదగినది. అర్థ మాకృతియే యైనచో నొక్క శబ్దమే యందఱికిని జాలును, ఏకశేష మనవసరము. ద్రవ్యమైనచోఁ బ్రతివ్యక్తికి నొక శబ్దము కావలెను; కావుననే యేకశేషము. భాష్యకారుఁడు రెండింటికిని దావిచ్చెను.

మా పట్టణమున నీ చర్చ గ్రంథములలోనిది మాత్రమే కాదు. 2003 జూను 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఈ.పీ. గనిలోనికి నీరు పొంగివచ్చి 17 మంది మరణించిరి. అదే సంవత్సరము అక్టోబరు 16న 8ఏ గనిలోఁ బైకప్పు కూలి 10 మంది మరణించిరి. ఈ 27 మందియు నాకృతి కారు. ఒక్కొక్కఁడు నొక్కొక్క యింటికిఁ దిరిగిరానివాఁడు. కార్మికత్వమను జాతి నీట మునుఁగదు. దానిపై బండ కూలదు. మునిఁగినది ద్రవ్యము, కూలిన బండక్రిందఁ బడినది ద్రవ్యము. జాతినిఁ జూపు నందమైన విగ్రహమును జూచి, యది వీరికిఁ గూడ వర్తించునని చెప్పుట వ్యాడి పక్షమును వినకయే తీర్పు చెప్పుటయగును. అందుకే యాకృతికి విగ్రహమును, ద్రవ్యమునకు నామములును రెండును గావలెనందును.

సాధనము గనిలోనే యున్నది. గనిలోనికి దిగువాఁడు ముందుగా దీపములగదిలోఁ దన దీపమును దీసికొనును. పైకి వచ్చినపిమ్మట మఱల నచ్చటనే యప్పగించును. తిరిగిరాని దీపము తిరిగిరాని మనుష్యునిఁ దెలుపును. కార్మికుని విగ్రహమువెనుక నట్టి దీపములగోడ నొకదానిని నిర్మించి, యొక్కొక్క కొక్కెముక్రింద గనిలో మరణించినవాని పేరును, గని సంఖ్యను, తేదీని జెక్కినచో నదియే బహువచనప్రత్యయము. అప్పుడు ముందున్న యొక్కఁడు వెనుకనున్నవారి యర్థమును న్యాయముగా మోయఁగలఁడు. తల్లి వచ్చి వ్రేలితోఁ దాఁకి, 'వీఁడు మావాఁడు' అనును. ఆ తల్లిప్రక్క నిలిచిన పరాయివాఁడును 'మనవాఁడు' అనుకొనును. ట్యాంకుబండు వరుస కోరి పొందలేని 'మన' శబ్దము ఇచ్చట నట్లు సిద్ధింపవచ్చును. 'కార్మికుఁడు' అను మాటలోఁ గూడఁ గకారము కలదే యని శిష్యుఁ డొకఁడు నన్నుఁ బరిహసించెను. ఆ కకారము ఠక్ ప్రత్యయమునకు వచ్చిన యాదేశములోనిది. బొమ్మల కకారము కాదు. పేరులు చెక్కనిచో మాత్రము నా శిష్యుని పరిహాసమే నిజమగును.

పీఠములపై వ్రాయవలసిన భాషను గూర్చి యొక్కమాట. లక్షణవిరుద్ధమగు మాటను నేను జూచి సహించువాఁడను గాను. అయినను శిలాఫలకమున 'భూగర్భఖనికర్మాచరణపరాయణుఁడు' అని వ్రాసినచో దానిని జదువుటకుఁ బండితుని బిలువవలసివచ్చును. గనిని వీరు 'బాయి' అందురు. బొగ్గునెత్తు సాధనములు 'తట్ట', 'చెమ్మస్', నెత్తిపైఁ గూలునది 'బండ', హాజరు 'మస్టరు'. తట్టతోఁ జెమ్మస్‌తో బొగ్గునెత్తు పనిని నేఁడు యంత్రములు గైకొన్నవి. భూగర్భగనులు తగ్గి యుపరితలపు గనులు పెరిగినవి. పని పోయినచో మాటయుఁ బోవును. తర మొకటి గడచినచో 'చెమ్మస్' అన నేమని యీ యూరి బాలురే యడుగుదురు. పీఠముపైఁ జెక్కిన మాటకు నిఘంటువులోని మాటకంటె నాయువెక్కువ. కాఁబట్టి యా పదములనే చెక్కవలెను. ఇవి వృత్తివ్యవహారమున రూఢములైనవి కావున గ్రామ్యములని నిరసింపరాదు.

జనులు పెట్టిన పేరు తప్పని తొందరపడి యనరాదనుటకు మా యూరిపేరే నిదర్శనము. గోదావరీశబ్దము దీర్ఘాంతము గావున 'గోదావరీఖని' యనవలెననియు, హ్రస్వము దోషమనియు నేను బహుకాలము తలఁచియుంటిని. కాని సంజ్ఞ యగునప్పుడు ఙీప్రత్యయాంతమునకు హ్రస్వము బహుళముగా వచ్చునని యాఱవ యధ్యాయము మూఁడవ పాదము 63వ సూత్రము చెప్పుచున్నది; రేవతిపుత్రశబ్ద మట్లు సిద్ధించినదే. ఇది యూరిపేరు, సంజ్ఞ, కావున హ్రస్వము సాధువు. సూత్రము నెఱుఁగని గనికార్మికులు సూత్రసమ్మతముగాఁ బలికిరి; సూత్రము నెఱిఁగిన నేను దప్పు పట్టితిని.

ఇట్టి పంక్తిని నిర్మించువారు మొదట శిల్పిని గాక వాక్యమును వెదకవలెననియు, ఏకశేషము చేసినచో బహువచనమును మఱువరాదనియు నా విన్నపము. విగ్రహములు తక్కువయైనను జింత లేదు. పేరులు తక్కువ గారాదు. ఇందలి యుక్తాయుక్తములను శాస్త్రజ్ఞులగు పాఠకులు విచారింతురు గాక.